24 వోల్టుల లారీ

2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఆ నీళ్లు చెయ్యేట్లోంచి పెన్నలో పడి సోమశిలకు వచ్చాయి. అక్కడ గేట్లెత్తి అయిదు లక్షల క్యూసెక్కులకు పైనే వదిలారు. నెల్లూరు దగ్గర పడుగుపాడులో హైవే, రైలుకట్ట కోసుకుపోయాయని పేపర్ల నిండా రాశారు. కలువాయి వైపు మా సంగతి ఎవరికీ వార్త కాలేదు. స్తంభాలు పడ్డాయి, కరెంటు లేదు, అంతే.

నేనప్పుడు గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుని. సాయం అందాల్సిన ఇళ్ల జాబితా ఎక్కించాలి, మనిషి మనిషికీ వేలిముద్ర తీసుకోవాలి. ల్యాప్‌టాప్ చార్జింగ్ పొద్దున్నే అయిపోయింది. వరండాలో జనం.

బయట ఆగిపోయున్న బాబాయి లారీ ఒక్కటే దిక్కు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసలో కలిపితే 24. ఇంజిన్ ఆడుతుంటే 28 దాకా పోతుంది. ల్యాప్‌టాప్‌కి 19 కావాలి, డాంగిల్, వేలిముద్రల మిషన్ తగిలించే హబ్‌కి 5. కారైతే 12ని 19కి పెంచాలి. లారీలో తగ్గిస్తే చాలు. వినడానికి సుళువే.

ఎవరో చిన్న కన్వర్టరు తెచ్చిచ్చారు, మీద '12-24' అని ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికి టప్పున పేలింది. క్యాబిన్ నిండా కుళ్లిన చేపల కంపు. విప్పి చూస్తే కెపాసిటర్ నెత్తి ఉబ్బి, గాట్ల దగ్గర చీలిపోయుంది. పక్కనే '25 వి' అని అచ్చు. 28 వోల్టులొచ్చే చోట 25 వోల్టుల కెపాసిటర్! అమ్మినోడికి అంకెలు రావా, మనకి రావనుకున్నాడా?

"ఒక్క బ్యాటరీ మీంచి 12 లాగెయ్ అబ్బయ్యా" అన్నాడొకాయన. బాబాయి ఒప్పుకోలా.

"ఒకటి ఎండిపోద్ది, రెండోది ఉడికిపోద్ది. రేపు బండి కదలకపోతే నువ్వు నెడతావా?"

నిజమే. సగంలో లాగితే ఒక బ్యాటరీ చార్జింగ్ చాలక చస్తుంది, ఇంకోటి ఎక్కువై చస్తుంది.

టీవీలు బాగుచేసే అన్న తన రేకుడబ్బాలోంచి ఎక్స్‌ఎల్4016 చిప్పున్న బోర్డు తీశాడు. ఆ చిప్పు 40 వోల్టుల దాకా తట్టుకుంటుంది. కెపాసిటర్లు 50 వోల్టులవి. ల్యాప్‌టాప్‌ని దగ్గరకి రానివ్వకుండా ముందు మీటరు పెట్టాడు. బుల్లి ఇత్తడి స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు, అంకె మెల్లగా దిగి 19 దగ్గర ఆగింది. బ్యాటరీ ప్లస్ దగ్గరే 10 ఆంపియర్ల ఫ్యూజు వేశాడు. 5 వోల్టులకి ఇంకో బోర్డు.

ల్యాప్‌టాప్ ఆన్ అయింది. వేలిముద్రల మిషన్ మాత్రం వెలిగి ఆరిపోతోంది. క్యాబిన్‌లోంచి వరండా దాకా సన్న తీగ. అక్కడ బయల్దేరిన 5 వోల్టులు హబ్ దగ్గరకొచ్చేసరికి 4.3. అన్న బోర్డుని హబ్ పక్కనే పెట్టి, ఆ తీగలో 24 పంపాడు. వోల్టేజి ఎక్కువైతే అదే పనికి కరెంటు తక్కువ లాగుతుంది, దారిలో పోయేదీ తక్కువే. మిషన్ నిలబడింది.

ఆపైన తంటా వేళ్లతో. నాట్లేసి అరిగిన వేళ్లు, రోజుల తరబడి నానినవి. ఒక ముసలమ్మ పది వేళ్లూ పెట్టింది. ఒక్కటీ పడలేదు. కొంగుతో తుడిచి తుడిచి మళ్లీ పెడుతోంది, వెనక ఇంజిన్ డీజిల్ తాగుతోంది. చివరికి బొటనవేలు పడింది.

డీజిల్ ఖర్చుకి బిల్లు పెట్టమని పై ఆఫీసు వాళ్లే చెప్పారు. పెట్టాను. ఏ పద్దు కింద రాయాలో లేదని వెనక్కి పంపారు.