పిల్లల రొట్టె, కుక్కల వంతు



నేను ప్రసంగ వేదిక మీద చేసిన ఒక పొరపాటును మీ ముందు ఒప్పుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కొన్ని సంవత్సరాల క్రితం మా సంఘపు యువకుడొకడు క్రిస్మస్ పండుగకు అమెరికా నుండి ఇంటికి వచ్చాడు. కుక్కలకు వచ్చే క్యాన్సర్ మీద పరిశోధన చేయించే ఒక ధర్మసంస్థకు తాను కానుక పంపుతున్నానని మాటల్లో చెప్పాడు. నాకు నవ్వు వచ్చింది. ఆ ఆదివారం కానుకలను గూర్చి ప్రసంగిస్తూ, మత్తయి సువార్త 15వ అధ్యాయములోని కనాను స్త్రీ సంగతి తీసి, పిల్లల రొట్టె కుక్కలకు వేసే కాలం వచ్చిందని ఎగతాళి చేశాను. సంఘమంతా నవ్వింది. ఆ అబ్బాయి చాప మీద తల వంచుకొని కూర్చున్నాడు.

మరుసటి వేసవిలో మా సంఘములోనే తొమ్మిదో తరగతి చదివే పిల్లవానికి మోకాలి పైన వాపు వచ్చింది. కబడ్డీలో దెబ్బ తగిలిందనుకున్నారు. నాటు వైద్యుని చేత కట్టు కట్టించారు. రాత్రులు నొప్పితో నిద్ర లేదని వాళ్లమ్మ చెబితే, "ఎదిగే వయసులో ఇలాంటి నొప్పులు మామూలేనమ్మా" అని ప్రార్థన చేసి పంపించాను. అలా మూడు నెలలు గడిచిపోయాయి. చివరకు హైదరాబాదు తీసుకువెళితే ఎముక క్యాన్సర్ అన్నారు.

"కాలు తీసేస్తారా అయ్యగారూ?" అని ఆ తల్లి ఆసుపత్రి వరండాలో నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. డాక్టరుగారే జవాబు చెప్పారు. ముందు మందులు ఎక్కించి, ఆపైన చెడిపోయిన ఎముకను తీసి లోహపు కీలు అమరుస్తామని, కాలు నిలుస్తుందని ఆశపడుతున్నామని అన్నారు. ఒకప్పుడు ఈ జబ్బుకు కాలు తీసివేయడమే మార్గమట. "కాలు నిలిపే ఈ విద్యకు మెరుగు పెట్టడంలో కుక్కలకు చేసిన వైద్యం కూడా సాయపడింది పాస్టరుగారూ" అన్నారాయన. ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది.

ఆ రాత్రే అమెరికాలోని అబ్బాయికి ఫోను చేసి క్షమాపణ అడిగాను. అతడు ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. నాకు తెలియని సంగతులు ఓపికగా వివరించాడు.

ఈ ఎముక క్యాన్సర్ అమెరికాలో ఏటా సుమారు 1,000 మందికి వస్తుంది. వారిలో చాలామంది పిల్లలు, యౌవనస్థులే. అదే జబ్బు అక్కడి కుక్కలకు ఏటా 10,000కు పైగా వస్తుంది. పెద్ద జాతి కుక్కలకు మరీ ఎక్కువ. వాటికి ఎవరూ రోగం అంటించలేదు, దానంతటదే వచ్చింది. అవి మనతోపాటు ఒకే ఇంట్లో ఉండి, అదే నీరు త్రాగి, అదే గాలి పీలుస్తాయి. వాటి ఆయుష్షు చిన్నది గనుక మందు పనిచేసిందో లేదో త్వరగా తెలుస్తుంది. యజమానుల అనుమతితో వాటికి చేసే వైద్యం వలన కుక్కకు మేలు, నేర్చిన పాఠము వలన బిడ్డకు మేలు. కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయములో స్టీఫెన్ విత్రో అనే పశువైద్యుడు 1980లలో కుక్కల కాళ్లు నిలిపే శస్త్రచికిత్సలు చేసి, నేర్చినదానిని మనుషుల వైద్యులతో పంచుకున్నాడు. అదే కాలములో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు పశువైద్యులు మిఫామర్టైడ్ అనే మందును ఈ జబ్బున్న కుక్కలకు ఇచ్చి చూశారు. ఆ మందు పొందిన కుక్కలు పొందనివాటికంటే ఎక్కువ కాలం బ్రతికాయి. తర్వాత పిల్లలలోనూ పరీక్షించారు. 2009లో ఐరోపాలో దానికి అనుమతి లభించింది.

ఇలాంటి పనికి ప్రభుత్వ ధనము ఒక్కటే చాలదు. 1948లో మార్క్ మోరిస్ అనే పశువైద్యుడు స్థాపించిన ధర్మసంస్థ 2012లో గోల్డెన్ రిట్రీవర్ జాతి కుక్కలను చేర్చుకోవడం మొదలుపెట్టింది. 3,000కు పైగా కుక్కలను బ్రతికినంత కాలము పరీక్షిస్తూ, క్యాన్సర్ ఎందుకు వస్తుందో వెదకుతోంది. దాని వెనుక ఎందరో సామాన్యుల చిన్న కానుకలున్నాయి. మా అబ్బాయి కానుక కూడా అలాంటి సంస్థకే వెళ్లింది.

ప్రియులారా, నేను ఆ రోజు కనాను స్త్రీ సంగతి సగమే చెప్పాను. బల్ల క్రింద పడే ముక్కలు కుక్కపిల్లలకు కూడా దొరుకుతాయని ఆమె చెప్పిన జవాబును వదిలేశాను. ప్రభువు మెచ్చుకున్నది ఆ విశ్వాసమునే కదా! ఇప్పుడైతే కుక్కల వంతులోనుండి పడిన ముక్క మా బిడ్డకు దొరికింది. యోనా గ్రంథము చివరి మాట కూడా చూడండి. కుడి ఎడమలు ఎరుగని జనముతో పాటు పశువులను కూడా దేవుడు లెక్కలో చేర్చి, నేను జాలిపడవద్దా అని ప్రవక్తను అడిగాడు. ఆయన కనికరములో మనిషికి వేరు లెక్క, పశువుకు వేరు లెక్క లేవు. ఒకరికి పెడితే మరొకరికి తరిగిపోతుందని లెక్క కట్టినవాడను నేనే.

మీరందరూ అమెరికాకు డబ్బు పంపాలని నేను చెప్పడం లేదు. కానీ ఇతరులు చేసే ధర్మమును చూచి నవ్వకండి. మీ గొడ్డు కొమ్ము దగ్గర పుండు పడినా, కుక్కకు గడ్డ కట్టినా పశువుల డాక్టరుకు చూపించండి. పిల్లలకు ఎముక మీద వాపు ఉండి, రాత్రివేళ నొప్పి తగ్గకపోతే నూనె రుద్ది, కట్టు కట్టించి ఊరుకోకండి. ప్రార్థన చేయండి, వెంటనే ఎక్స్‌రే తీయించండి. ఆ మూడు నెలలు తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఆ పిల్లవాడు కొద్దిగా కుంటుతూ నడుస్తున్నాడు. పరీక్షలకు ఇంకా వెళ్తూనే ఉన్నాడు. ఆదివారం ఉదయం అందరికంటే ముందు వచ్చి చాపలు పరుస్తాడు. క్రిందటి క్రిస్మస్‌కు అమెరికా అబ్బాయి మళ్లీ వచ్చినప్పుడు, నేను సంఘమంతటి యెదుట నిలబడి అతనిని క్షమాపణ అడిగాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కనికరముగల ప్రభువు మన ఇండ్లను, మన పశువులను దీవించును గాక. ఆమేన్.