ఒంటికి గుర్తుంటుంది!

మనసుకు తగిలిన దెబ్బ ఒంట్లో దాక్కుంటే ఏ డాక్టరు దగ్గరికెళ్లాలి? ఆనందపురం కూడలి నుంచి తొట్లకొండ మీదుగా చినవాల్తేరు దాకా వెళ్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

తెల్లవారకముందే ఆనందపురం మేలుకుంటుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి బంతి, చామంతి, కనకాంబరం, మల్లె... బుట్టల్లో, సంచుల్లో, ఆటోల్లో పూల మార్కెట్‌కు చేరతాయి. విశాఖలో దేవుళ్ల మెడల్లోకీ పెళ్లిపందిళ్లలోకీ వెళ్లే పూలు ఇక్కడ చేతులు మారతాయి. పక్కనే 16వ నంబరు జాతీయ రహదారి. అటు శ్రీకాకుళం, ఇటు విశాఖ, మరోవైపు పెందుర్తి మీదుగా అనకాపల్లి. లారీలకు రాత్రీ పగలూ తేడా లేదు.

అలాంటి రోడ్డు దాటుతూ, లారీ కింద పడబోయి వెంట్రుకవాసిలో తప్పించుకున్న మనిషి ఒకరున్నారనుకోండి. గీరుకుపోయిన మోచెయ్యి వారంలో మానిపోతుంది. ‘బతికి బయటపడ్డావు, అదే పదివేలు’ అంటారందరూ. కానీ ఆర్నెల్లు గడిచినా, హారన్ వినబడితే చాలు గుండె దడదడలాడుతుంది. అరచేతులు చల్లబడతాయి. మెడ కొయ్యబారిపోతుంది. రాత్రి కంటిమీద కునుకుండదు. ఈసీజీ తీయిస్తే బాగానే ఉందంటారు. గ్యాస్ బిళ్లలు, నొప్పి బిళ్లలు, తాయెత్తు... అన్నీ అవుతాయి. చివరికి ‘నీకేం లేదట, అంతా నీ ఊహే’ అనే మాట దగ్గర ఇంట్లోవాళ్లు ఆగిపోతారు. ఆ మనిషి మాత్రం తనలో తనే కుంచించుకుపోతాడు.

అది ఊహ కాదు. మనసు మరచిపోదామనుకున్నా ఒళ్లు మరచిపోలేదు... అంతే!

మన మాటల్లోనే ఉంది

నిజానికి ఈ సంగతి తెలుగువాళ్లకు కొత్త కాదు. భయమేస్తే ‘గుండె గుభేల్‌మంది’ అంటాం. చెడువార్త వింటే ‘కాళ్లూ చేతులూ ఆడలేదు’ అంటాం. దుఃఖంలో ‘ముద్ద గొంతు దిగదు’. పిల్లాడు దేనికో జడుసుకుని ఒళ్లు వెచ్చబడితే ‘జడుపు జ్వరం’ అని పెద్దవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. మనసులో కలిగినదాన్ని ఒంటితో చెప్పడం మన భాషకు అలవాటే.

శాస్త్రం చెప్పేదీ దాదాపు ఇదే. ఆపద ఎదురైనప్పుడు మెదడు ఆలోచించేలోపే నాడీవ్యవస్థ ఒంటిని సిద్ధం చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది. కండరాలు బిగుస్తాయి. ఎదిరించాలి, లేదా పారిపోవాలి. రెండూ కుదరకపోతే మనిషి బిగుసుకుపోతాడు. ఆపద దాటాక ఇదంతా సర్దుకోవాలి. చాలామందిలో సర్దుకుంటుంది కూడా. కొందరిలో మాత్రం ప్రమాదం ఇంకా ఎదురుగానే ఉన్నట్టు ఒళ్లు కాపలా కాస్తూనే ఉంటుంది. పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటికి వెళ్లాలంటే భయం... ఇలాంటివి నెల దాటినా తగ్గక, రోజువారీ జీవితానికి అడ్డుపడుతుంటే వైద్యులు ‘పీటీఎస్‌డీ’ ఉందేమోనని పరీక్షిస్తారు.

విశాఖ ప్రాంతానికి ఇలాంటి గాయాలు తక్కువేం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సుమారు 180 కిలోమీటర్ల వేగంతో విరుచుకుపడింది. 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి వచ్చింది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు పరుగెత్తినచోటే కూలబడ్డారు. అలాంటి రాత్రులు చూసినవాళ్లలో కొందరికి గాలి హోరో, ఘాటు వాసనో చాలు... ఒళ్లు మళ్లీ ఆ రోజుకే వెళ్లిపోతుంది.

ఏమిటీ సొమాటిక్ థెరపీ?

గ్రీకు భాషలో ‘సోమా’ అంటే శరీరం. శరీరం నుంచి మొదలుపెట్టి మనసును చేరే చికిత్స కాబట్టి సొమాటిక్ థెరపీ అన్నారు. ఫ్రాయిడ్ శిష్యుడు విల్‌హెల్మ్ రైక్ 1930ల్లోనే, అణచుకున్న ఉద్వేగాలు కండరాల బిగువుగా, ఓ కవచంలా మారతాయన్నాడు. 1970ల నుంచి అమెరికాలో పీటర్ లెవీన్ ‘సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్’ పద్ధతిని రూపొందించాడు. అడవి జంతువులు వేటగాడి నుంచి తప్పించుకున్నాక ఎలా తేరుకుంటాయన్నది ఆయన ఆలోచనకు మూలం.

ఈ చికిత్సలో ‘ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పు’ అని అడగరు. ‘ఇప్పుడు ఒంట్లో ఎక్కడ ఎలా ఉంది?’ అంటారు. ఛాతీలో బరువా? దవడ బిగువా? పాదాలు నేలకు ఆనుతున్నట్టు తెలుస్తోందా? ఇబ్బందిగా ఉన్నచోట కాసేపు, హాయిగా ఉన్నచోట కాసేపు ధ్యాస నిలపమంటారు. మంట మీద పాలు పొంగకుండా సెగ తగ్గిస్తూ పెంచుతూ కాచినట్టు... తట్టుకోగలిగినంత మేరకే ముందుకెళ్తారు.

తొట్లకొండ చెప్పే పాఠం

ఆనందపురం నుంచి తగరపువలస మీదుగా భీమిలి చేరి, అక్కణ్నుంచి సముద్రం వెంట విశాఖ దారి పడితే తొట్లకొండ వస్తుంది. 1976లో నౌకాదళం చేసిన ఏరియల్ సర్వేలో ఈ బౌద్ధక్షేత్రం బయటపడింది. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్లే ఆ పేరు. స్తూపం, చైత్యాలు, భిక్షువులుండే గదుల పునాదులు ఇప్పటికీ చూడొచ్చు. బౌద్ధ ధ్యానంలో ఊపిరినీ శరీరాన్నీ గమనించడం మొదటి మెట్టు. పాళీలో దాన్ని ‘కాయానుపస్సన’ అంటారు. ఒంటిని గమనిస్తే మనసు తెలుస్తుందన్న ఆలోచన అంత పాతది!

అయితే ధ్యానం వేరు, చికిత్స వేరు. తీవ్రమైన గాయం ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కూర్చుంటే కొన్నిసార్లు ఆ దృశ్యాలే మీదికొస్తాయి. అందుకే తెలిసిన థెరపిస్టు కళ్లు తెరిచే ఉంచమంటారు. అవసరమైతే మధ్యలో ఆపేస్తారు.

ఎంతవరకు నమ్మొచ్చు?

2004 సునామీ తర్వాత దక్షిణ భారతంలోని 150 మంది బాధితులకు ఈ తరహా చికిత్స చేసి, 2008లో ఫలితాలు ప్రచురించారు. ఎనిమిది నెలల తర్వాత కూడా ఎక్కువమందిలో మార్పు కనిపించింది. కానీ చికిత్స అందనివారితో పోల్చి చూడలేదు. 2017లో ఇజ్రాయెల్‌లో 63 మందిపై పోల్చి చూసినప్పుడూ మేలే కనిపించింది. అమెరికాలో బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం 64 మంది మహిళలపై చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. పది వారాలు యోగా చేసినవారిలో 52 శాతం మందికి పీటీఎస్‌డీ లక్షణాలు ఆ స్థాయి కంటే తగ్గాయి. యోగా చేయని బృందంలో అది 21 శాతమే. ఆశ కలిగించే ఫలితాలే... అయినా చిన్న అధ్యయనాలు. ‘అన్ని జబ్బులకూ ఇదే మందు’ అనేవారిని నమ్మక్కర్లేదు.

ఎవరిని అడగాలి?

‘సొమాటిక్ థెరపిస్టు’ అన్న బోర్డు కోసం వీధులన్నీ తిరగనక్కర్లేదు. వరసగా ఇలా వెళ్తే చాలు.

మొదట ఒంటి పరీక్ష: ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ముందు ఫిజీషియన్‌కు చూపించాలి. మనసు జబ్బని ఇంట్లోనే తేల్చేయకూడదు.

తర్వాత మానసిక వైద్యులు: విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికెళ్తే ‘పిచ్చి’ ముద్ర పడుతుందన్న భయంతోనే చాలామంది ఏళ్లు పోగొట్టుకుంటారు. కదల్లేనివారు 14416కు ఫోన్ చేయొచ్చు. కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలీ మానస్’ ఇది. ఉచితం, ఏ వేళైనా, తెలుగులోనే.

అర్హతలు: క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి నమోదు ఉందా అని అడగండి. సొమాటిక్ పద్ధతిలో శిక్షణ ఎక్కడ, ఎన్నాళ్లు పొందారో కూడా అడగండి. సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ పూర్తి శిక్షణకు దాదాపు మూడేళ్లు పడుతుంది. వారాంతపు వర్క్‌షాపుతో వచ్చేది కాదు.

తాకడం: చాలా సిటింగుల్లో ఆ అవసరమే రాదు. వస్తే ముందుగా చెప్పి, ఒప్పుకుంటేనే తాకాలి. ‘వద్దు’ అంటే అక్కడితో ఆగాలి. బట్టలు విప్పమంటే లేచి వచ్చేయడమే.

మందులు: డాక్టరు రాసిన మందుల్ని థెరపిస్టు మాట మీద మానకూడదు. ‘ఒక్క సిటింగులో నయం’ అన్నవారికి దూరంగా ఉండాలి.

భాష: ఛాతీలో ‘పట్టేసినట్టు’, కడుపులో ‘దేవినట్టు’, ఒంట్లో ‘తిమ్మిరెక్కినట్టు’... ఈ తేడాలు ఇంగ్లిషులో చెప్పడం కష్టం. ఆన్‌లైన్‌లోనైనా తెలుగు తెలిసినవారైతే మేలు.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఇంకొకటుంది. దానికి ఫీజు లేదు. ‘నీకేం కాలేదులే’ అనడం మానేసి, పక్కన కూర్చుని ‘ఎక్కడ ఇబ్బందిగా ఉంది?’ అని అడగడం. జవాబు వెంటనే రాకపోవచ్చు. తొందరపెట్టకుండా అలాగే కూర్చోండి.