ముందు నీళ్ళు, ఆ తర్వాతే చేపలు: కొళత్తూరు ప్రయాణం

వారం రోజుల్లో పది చేపలు చచ్చిపోయాయి. పొద్దున లేవగానే ఫోన్ చూసుకోవడం మానేసి, ముందు ట్యాంకు దగ్గరికెళ్ళి లెక్కపెట్టుకునేవాణ్ణి. పది, ఏడు, నాలుగు, ఒకటి... ఆఖరిది శుక్రవారం పోయింది.

నెల్లూరులో మా ఇంటి హాల్లో పెట్టిన రెండడుగుల గాజు ట్యాంకు అది. రీల్స్‌లో చూసి మోజుపడ్డాను. పచ్చటి మొక్కలు, నల్లటి చెక్క, వాటి మధ్య నీలం గీతతో మెరిసే నియాన్ టెట్రాలు... చిన్న అడవిని నీళ్ళలో ముంచి పెట్టినట్టుంటుంది కదా, అలాంటిది నాక్కూడా కావాలనిపించింది. షాపతను ట్యాంకు, ఫిల్టరు, మొక్కలు, చేపలు అన్నీ ఒకేరోజు, ఒకే బిల్లులో ఇచ్చాడు. "ఏం కాదు బ్రదర్, వేసెయ్యండి" అన్నాడు. వేసేశాను. నీళ్ళు మసకబారితే మొత్తం తీసేసి కొత్త నీళ్ళు పట్టాను. ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి కింద పెట్టి మురికంతా పోయేదాకా ఉతికాను. నేను ఎంత శుభ్రం చేస్తే అవి అంత త్వరగా చచ్చాయి.

ఆఖరి చేపని తీసి పారేస్తుంటే నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

మూడేళ్ళుగా ఆయన నీళ్ళ గురించి మాట్లాడగా నేను వినలేదు. ఇందుకూరుపేట వైపు మాకు రెండు రొయ్యల గుంటలు ఉండేవి. వరసగా రెండు పంటలు వైట్‌స్పాట్ తగిలి పోయాయి. రెండోసారైతే ఇంకో పదిహేను రోజుల్లో పట్టుబడి ఉందనగా. ఏరేటర్లు అమ్మేశాడు. గుంటలు లీజుకిచ్చేశాడు. ఆ దోవన పోవడమే మానేశాడు.

ట్యాంకు వంక ఓ నిమిషం చూసి, "నీళ్ళు పండకుండానే పిల్ల వదిలినావు గదరా" అన్నాడు. అంతే, లోపలికెళ్ళిపోయాడు.

నాకు ఆ ఒక్క మాట చాలు. వెనకాలే వెళ్ళి, "నాయనా, ఆదివారం కొళత్తూరు పోదామా?" అన్నాను. రాడనుకున్నా.

"బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

బస్సులో పాఠం

నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఐదింటికి బస్సెక్కాం. నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటితే తమిళనాడు. హైవే పక్కన ఒకచోట గుంటలో ఏరేటర్లు తిరుగుతూ కనిపించాయి. నాయన కిటికీలోంచి తల తిప్పుకుంటాడనుకున్నా. తిప్పుకోలేదు. చూస్తూనే చెప్పడం మొదలుపెట్టాడు.

రొయ్య పిల్లని వదిలేముందు గుంట ఎండగడతారు. సున్నం చల్లుతారు. నీళ్ళు పెట్టి, కలర్ వచ్చేదాకా ఆగుతారు. ఆ కలర్ అంటే నీళ్ళలో ప్రాణం పుట్టిందని గుర్తు. "అదిరాకుండా వదిలితే ఏముండాది? వట్టి నీళ్ళలో వదిలినట్టే."

ఇంట్లో ట్యాంకుకీ ఇదే లెక్క. చేప విసర్జించిందీ, మిగిలిపోయిన మేతా కుళ్ళి అమ్మోనియా తయారవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకి విషం. మూడోది కొద్దిగా ఉంటే ఇబ్బంది లేదు, పైగా మొక్కలకి ఎరువు. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది నీళ్ళలో కాదు. స్పాంజిలో, ఇసకలో, ఆకుల మీద. కొత్త ట్యాంకులో అవి కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

అప్పుడర్థమైంది. నేను క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళతో ఉతికి పారేసింది మురికిని కాదు, చేపల్ని బతికించే సైన్యాన్ని.

కవర్లలో చేపల ఊరు

ఆంధ్రా బస్సులు ఆగే మాధవరం బస్టాండులో దిగి ఆటో ఎక్కితే, రెట్టేరి జంక్షన్ మీదుగా కొళత్తూరు కొద్ది కిలోమీటర్లే. ఈ పేరు పేపర్లలో స్టాలిన్ నియోజకవర్గంగా చదివుంటారు. చేపలు పెంచేవాళ్ళకి మాత్రం కొళత్తూరు అంటే రంగు చేపలే. మన దేశంలో ఈ వ్యాపారానికి పెద్ద కేంద్రాల్లో ఇదొకటి. ఉత్తర చెన్నై నుంచి తిరువళ్ళూరు జిల్లా వైపు ఎన్నో కుటుంబాలు సిమెంటు తొట్లలో గప్పీలు, మాలీలు, ఏంజెల్స్, గోల్డ్‌ఫిష్‌లు పెంచుతాయి. అవి ఇక్కడి నుంచే వేరే రాష్ట్రాలకీ వెళ్తాయి.

రెడ్‌హిల్స్ రోడ్డు మీదా, పక్క సందుల్లోనూ షాపుల వరస. నీళ్ళ కవర్లలో చేపలు వేలాడుతుంటాయి. ఆక్సిజన్ సిలిండర్ బుస్సుమంటుంది, కుర్రాడు కవరు నింపి రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టేసి అవతల పెడతాడు. గాజు సీసాల్లో ఒక్కో ఫైటర్ చేప, పక్క సీసాని చూసి రెక్కలు విప్పుతుంటుంది. ఆదివారం కావడంతో నాన్నల చేతులు పట్టుకుని పిల్లలు బాగానే వచ్చారు. ఇరవై మూడేళ్ళ వయసులో నేనూ అలాగే వచ్చాను.

ఓ సందు చివర మొక్కలెక్కువున్న షాపులో ఆగాం. నాయన ట్యాంకులోకి వంగి వాసన చూసి, ఓనర్‌ని అడిగాడు.

"ఈ తొట్టి వయసెంత?"

అతనికి నవ్వొచ్చింది. "అందరూ చేప రేటు అడుగుతారు సార్. రెండేళ్ళు." తెలుగు బాగానే వచ్చు అతనికి. నా వైపు తిరిగి, "మీ ట్యాంకు వయసెంత?" అన్నాడు.

"ఇరవై రోజులు."

"అయితే ఈరోజు మీకు చేపలివ్వను. మొక్కలు తీసుకెళ్ళండి. ఆరు వారాలయ్యాక రండి."

జేబులో డబ్బులున్నాయి, ఎదురుగా వందల చేపలున్నాయి. అయినా ఇవ్వనన్నాడు! పైగా తన పాత ట్యాంకు ఫిల్టర్‌లోంచి మురికి పట్టిన స్పాంజి ముక్క కోసి, నీళ్ళ కవర్లో వేసి ఫ్రీగా ఇచ్చాడు. కొత్త ట్యాంకుకి అది పెరుగు తోడు లాంటిదట.

మొక్కలు ఏరుతుంటే ఇంకో తమాషా జరిగింది. ఓ కట్ట చూసి నాయన ఉలిక్కిపడ్డాడు. "ఇది మన కాలవలో నాచు గదయ్యా! దీనికీ రేటేనా?" అది హైడ్రిల్లా. పక్కనే రిబ్బన్లలాంటి ఆకులతో వాలిస్నేరియా, అదీ మన చెరువుల్లో పెరిగేదే. "త్వరగా పెరిగే మొక్క అమ్మోనియాని త్వరగా తింటుంది. మొదట్లో ఇవే కావాలి" అన్నాడు ఓనర్. జావా ఫెర్న్, అనుబియాస్ కూడా తీసుకున్నాం. వీటి కాండాన్ని ఇసకలో పూడ్చితే కుళ్ళిపోతుంది, చెక్కకి దారంతో కట్టాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అడిగితే, ఈ మొక్కలకి అవసరం లేదన్నాడు.

తిరుగు బస్సులో మొక్కల సంచి నేను పట్టుకున్నా. మురికి స్పాంజి కవరు మాత్రం నాయన ఒళ్ళోనే ఉంది.

చెయ్యి పెట్టబాక

ఇంటికొచ్చి ట్యాంకు మళ్ళీ మొదట్నుంచి కట్టాం. అడుగున ఎరువు కలపని తోట మట్టి ఒక అంగుళం, దాని మీద ఇసక ఒక అంగుళం. మట్టి పైకి లేవకుండా గిన్నెలోకి మెల్లగా నీళ్ళు. క్లోరిన్ పోగొట్టే చుక్కలు. లైటు రోజుకి ఆరు గంటలే, అదీ టైమర్ పెట్టి.

రెండో వారంలో గాజు మీద, ఆకుల మీద గోధుమ రంగు పొర పట్టింది. ఆకులు కొన్ని కరిగిపోయాయి. నా చేతులు ఊరుకోలేదు, బ్రష్ తీసుకున్నా. "చెయ్యి పెట్టబాక" అన్నాడు నాయన. నాలుగో వారానికి పొర దానంతటదే పలచబడింది. జావా ఫెర్న్ కొత్త ఆకు వేసింది. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చడం, స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే ఒకసారి పిండడం, అంతే మా పని. ఆరో వారం టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా.

ఈసారి "కొళత్తూరు ఎప్పుడు పోదాం?" అని నాయనే అడిగాడు.

మీరు వెళ్తుంటే

పొద్దున్నే చేరుకోండి, ఎండెక్కితే కవర్లలో చేపలకి కష్టం. థర్మోకోల్ పెట్టె వెంట తీసుకెళ్ళండి. ట్యాంకు ఫొటో, కొలతలు ఫోన్‌లో ఉంచుకోండి. నాచు తింటుందని గాజుకి అతుక్కునే సక్కర్ చేప ఇస్తామంటే ఆలోచించుకోండి, అది అడుగు దాటి పెరుగుతుంది. పెద్దదైందని జనం కాలవల్లో వదిలేసిన ఆ చేపలే ఇప్పుడు మన నదుల్లో డెవిల్ ఫిష్ పేరుతో జాలర్ల వలలు చింపుతున్నాయి. చేపైనా మొక్కైనా వద్దనుకుంటే ఇంకొకరికివ్వండి, చెరువులో మాత్రం వదలొద్దు.

పదకొండు, పన్నెండు...

రెండోసారి వెళ్ళినప్పుడు నేను టెట్రాల దగ్గర ఆగాను. నాయన ఇంకో ట్యాంకు దగ్గర ఆగిపోయాడు. అందులో గోరంత ఎర్రటి చెర్రీ రొయ్యలు, నాచు మీద మేస్తున్నాయి. పూర్తిగా మంచినీటివి.

"వీటికి హేచరీ అక్కర్లేదా?" అని అడిగాడు. అక్కర్లేదు. మన వనామీ పిల్లలాగా నాప్లి, జోయా, మైసిస్ దశలు దాటి రావాల్సిన పని లేదు. తల్లి పొట్ట కింద గుడ్లు మోస్తుంది, నెల రోజులకి అచ్చం పెద్దవాటిలాంటి పిల్లలే బయటికొస్తాయి.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి తనే డబ్బులు తీసి, "పది ఇయ్యి" అన్నాడు.

టెట్రాలు నేను ఇప్పటికీ కొనలేదు. ఆ రోజు ఇంటికొచ్చాక సన్న పైపుతో చుక్కచుక్కగా మా నీళ్ళు కలుపుతూ, గంటన్నర కుర్చీ వేసుకుని కూర్చున్నాడాయన. పదీ బతికాయి.

మొన్న ఆదివారం ఆరింటికే నన్ను లేపాడు. చేతిలో టార్చి. జావా ఫెర్న్ వేళ్ళ మధ్య, నూలు ముక్కల్లా ఏవో కదులుతున్నాయి.

"నా కళ్ళకి ఆనడం లేదు. నువ్వు లెక్కపెట్టరా" అన్నాడు.

మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టాను. పదకొండు, పన్నెండు... ఆకు కదిలి లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.