సాంచాల ఊరిలో దెయ్యం సినిమా చప్పుడు

మహారాష్ట్రలోని భివండీలో పెరిగినవాళ్లకు నిద్ర పట్టాలంటే చప్పుడు కావాలి. కరీంనగర్, నల్గొండ, వరంగల్, పాలమూరు జిల్లాల నుంచి తరాల కిందట వచ్చి పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో స్థిరపడిన మన పద్మశాలీల ఇళ్లలో పిల్లలు అమ్మ జోల కంటే ముందు సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడుకే అలవాటుపడేవాళ్లు. పాతకాలపు సాంచె నిమిషానికి 120 నుంచి 150 సార్లు నాడెను అటూ ఇటూ విసిరేది. కర్ర కొట్టే దెబ్బ, నాడె ఎదుటి పెట్టెలో పడే దెబ్బ, అచ్చు వచ్చి పోగును గుద్దే దెబ్బ. ఒక్క సాంచె ముందు నిలబడితేనే 90 డెసిబెల్స్ దాటే రొద. కార్ఖానాలో అలాంటివి వరసలు వరసలుగా ఉండేవి. దిన్‌పాళి ముగిస్తే రాత్‌పాళి మొదలయ్యేది.

అలాంటి ఊళ్లో ఒక దెయ్యం సినిమా వచ్చిందని చెవికి చెప్పడం ఎంత కష్టమో ఇవాళ ఊహించలేం. ఆ పని చేసినవాళ్లూ, వాళ్ల పనిముట్లూ ఇప్పుడు లేరు, లేవు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజుల్లో దెయ్యం సినిమా అంటే రామ్సే సోదరులే. 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే'తో మొదలుపెట్టి, 1984లో 'పురానా మందిర్', 1988లో 'వీరానా' తీశారు. ఏడుగురు అన్నదమ్ములు పని పంచుకున్నారు. తులసీ, శ్యామ్ దర్శకత్వం, గంగూ కెమెరా, కుమార్ రచన, కిరణ్ శబ్దం. శబ్దం కోసం ఇంట్లో ఒక మనిషిని పెట్టుకున్నారంటేనే దాని విలువ వాళ్లకు ఎంత తెలుసో అర్థమవుతుంది. కిర్రుమనే తలుపు, ఈదురుగాలి, కుక్క ఏడుపు, గుడి గంట వాళ్ల బొమ్మల్లో నటులతో సమానంగా పనిచేశాయి. థియేటర్లో ట్రైలర్ చూసేది టికెట్ కొన్నవాడే. 35 ఎంఎం రీలు మీద మూడు నిమిషాల ట్రైలర్ అంటే 270 అడుగులు. ఆ 270 అడుగులు థియేటర్ గోడ దాటి బయటికి రావు. కొత్త బొమ్మల కబురు ఇళ్లకు చేర్చింది వివిధ భారతి. కార్ఖానా గల్లీలకు చేర్చింది మైకు రిక్షా.

మా గల్లీకి వచ్చే మైకు రిక్షా ఆయన్ని పిల్లలమంతా మైకు కాక అనేవాళ్లం. నేత పనికే ఊరి నుంచి వచ్చినా, ఊపిరి ఆడక సాంచె వదిలేసి మైకు సెట్టు పట్టుకున్న మనిషి. థియేటర్లకూ, వీడియో పార్లర్లకూ ఆయనే చెప్పేవాడు. వీడియో పార్లరంటే పొడుగాటి గది, ఒక టీవీ, ఒక వీసీఆర్, బయట పలక మీద సుద్దముక్కతో రాసిన బొమ్మ పేరు. తెలుగు, హిందీ, భోజ్‌పురి, ఏ ఊరి కూలీకి ఆ ఊరి బొమ్మ. కాక పగటిపూట పార్లర్లో కూర్చుని, వీసీఆర్‌కు వైరు తగిలించి, బొమ్మలోంచి తనకు కావలసిన చప్పుళ్లను క్యాసెట్లోకి ఎక్కించుకునేవాడు. ఒక్కో గల్లీకి ఒక్కో క్యాసెట్.

అప్పట్లో పట్టించుకోలేదు గానీ, ఆ ఎంపికలో గొప్ప తెలివి ఉంది. ఉత్తరప్రదేశ్ నేతగాళ్లు ఉండే వైపు పాత హవేలీ తలుపు, గబ్బిలాల రెక్కలు వినిపించేవాడు. మన గల్లీకి వచ్చేసరికి గజ్జెలు, నక్క ఊళ, తీతువు కూత. తీతువు అరిస్తే ఆ ఇంటికి కీడని నమ్మే పల్లెల నుంచి వచ్చినవాళ్లం మనం. అది వినగానే ముసలమ్మలు తలుపు దగ్గరికి వచ్చి "థూ థూ" అనేవాళ్లు. సాయంత్రం వాళ్ల మనవలే టికెట్ కోసం డబ్బులడిగేవాళ్లు.

దెయ్యం సినిమా ప్రచారంలో అందరూ వాడే గుండె చప్పుడును కాక ఎప్పుడూ వాడలేదు. కారణం అడిగితే ఒకసారి చెప్పాడు. "దినమంతా గుండె లెక్క కొట్టుకునే సాంచె ముంగట నిలవడేటోనికి గుండె సప్పుడు ఇనిపిస్తే ఏం భయమైతది బిడ్డా? ఆయనకు భయం కరెంటు వోతెనే." ఆ మాట అక్షరాలా నిజం. భయపడ్డ మనిషి గుండె కొట్టుకునే వేగమూ, సాంచె వేగమూ ఇంచుమించు ఒకటే. అది మా ఒంట్లో ఎప్పుడూ ఉన్నదే. కరెంటు పోయిన రాత్రి వేరు. సాంచాలు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగిపోయేవి. పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లు. అప్పటిదాకా వినబడని నల్లా చుక్క, పక్కింటి ముసలాయన దగ్గు, వరాలదేవి చెరువు వైపు కుక్కల మొరుగుడు ఒక్కసారిగా దగ్గరికి వచ్చేవి. కాక క్యాసెట్లో అదే చేశాడు. గజ్జెలు దగ్గరవుతూ దగ్గరవుతూ ఉండగా టక్కున ఆపేసేవాడు. నాలుగైదు క్షణాలు రిక్షా చక్రం చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. తర్వాత మెల్లగా బొమ్మ పేరు. ఇవాళ ట్రైలర్లు కూర్చే ఎడిటర్లు చాలామంది పాటించే సూత్రం ఇదే. పెద్ద శబ్దానికి ముందున్న ఖాళీయే మనిషిని కుర్చీలో బిగిస్తుంది.

ఆయన మీద నా గౌరవం పెరిగింది మాత్రం ఇంకో సంగతితో. 1970 మేలో ఒకసారి, 1984 మేలో మరోసారి భివండీ మతకలహాల్లో కాలింది. రెండోసారి కర్ఫ్యూలో సాంచాలు రోజుల తరబడి ఆగిపోయాయి. కరెంటు ఉంది, చప్పుడు లేదు. అంతటి భయం ఏ సినిమాలోనూ చూడలేదు. అదే ఏడాది విడుదలైన 'పురానా మందిర్' మా వైపు వచ్చినప్పుడు కాక క్యాసెట్లో ఆడమనిషి కేక లేదు. గుడి గంట, గాలి, బొమ్మ పేరు, అంతే. పార్లర్ వాళ్లు కేక పెట్టమని అడిగినా ఒప్పుకోలేదట. "ఈ గల్లీలల్ల నిజంగ మొత్తుకున్నోళ్లున్నరు" అన్నాడట. ఏ చప్పుడు పనిచేస్తుందో తెలియడం ఒక విద్య. ఎవరి ముందు ఏది వాడకూడదో తెలియడం అంతకంటే పెద్ద విద్య.

1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' వచ్చింది. మణిశర్మ నేపథ్య సంగీతంతో పరిచయమైన సినిమా అది. పాడుబడ్డ హవేలీ లేకుండా మామూలు మధ్యతరగతి ఇంట్లోనే భయం పుట్టించింది. మన ఇంటి చప్పుళ్లతోనే వణికించవచ్చని తెరమీద చూసినప్పుడు నాకు కాకే గుర్తొచ్చాడు. కేకలు మనల్ని ఎందుకు కుదిపేస్తాయో తర్వాత శాస్త్రం కూడా చెప్పింది. అమెరికాలో జంతువుల అరుపుల మీద పనిచేసిన డేనియల్ బ్లూమ్‌స్టీన్ బృందం 2010లో సినిమాల శబ్దాలను పరిశీలించింది. ప్రాణభయంతో అరిచే జంతువు గొంతులో వినిపించే జీర భయానక సినిమాల శబ్దాల్లోనూ ఉందని చూపించింది. పల్లె మనిషికి తీతువు కూత ఎందుకు గుచ్చుకుంటుందో నాకు అప్పుడు మరికాస్త అర్థమైంది.

ఇప్పుడు ట్రైలర్ ఫోన్లోకి వస్తుంది. 2010లో వచ్చిన 'ఇన్‌సెప్షన్' తర్వాత ప్రపంచమంతా వాడిన ఆ బూర మోత, నెట్‌లో కొనుక్కునే తలుపు కిర్రు, ఎక్కడో రికార్డు చేసిన కేక, అన్ని భాషల ట్రైలర్లలోనూ అవే. పని తేలికైంది, కాదనను. కానీ హైదరాబాద్‌లో తీసిన దెయ్యం సినిమాకూ, వేరే దేశంలో తీసినదానికీ చెవికి తేడా తెలియకపోతే మనం పోగొట్టుకున్నది చిన్నదేమీ కాదు. 2018లో 'తుంబాడ్' వాళ్లు మహారాష్ట్ర పల్లె వానను వదలకుండా పట్టుకున్నారు. ఆ సినిమా గుర్తుండిపోవడానికి అదీ ఒక కారణం.

భివండీలో పాత నాడె సాంచాలు తుక్కుకు పోతున్నాయి. వాటి చోట నాడె లేని కొత్త మగ్గాలు వస్తున్నాయి. వాటి చప్పుడు వేరు. ఈ ఊరి రాత్రులు ఎలా వినిపించేవో చెప్పడానికి ఇంకొన్నాళ్లకు ఆధారం మిగలదు.

పద్మనగర్‌లో, సిరిసిల్లలో, షోలాపూర్‌లో ఫోన్లతో చిన్న సినిమాలు తీస్తున్న పిల్లలకు ఒక మాట. దెయ్యం కథ తీసే ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లను ఏ చప్పుడుకు భయపడేవారో అడగండి. నడుస్తున్న పాత సాంచె ఎక్కడ కనిపించినా దాని చప్పుడునూ, అది ఆగేటప్పటి చప్పుడునూ, ఆగిన తర్వాత గదిలో మిగిలే నిశ్శబ్దాన్నీ రికార్డు చేయండి. గల్లీ పేరు, తేదీ రాసి దాచండి. మీ తర్వాతివాళ్లకు అవి కొనుక్కుందామన్నా దొరకవు.