కృష్ణ ఒడ్డున మధుదేవుడు

చిట్యాలలో బస్సెక్కితే నార్కట్‌పల్లి దాకా హైదరాబాద్–విజయవాడ హైవేనే. అక్కడ దిగి, నల్లగొండ, హాలియా మీదుగా సాగర్ పోయే బస్సు పట్టుకున్నాను. చెర్వుగట్టు గుట్ట కనబడగానే సగం బస్సు జడల రామలింగేశ్వరుడికి దండం పెట్టింది. పక్క సీటు పెద్దాయన కూడా పెట్టి, నా వైపు తిరిగాడు.

"ఏడికి వోతున్నవ్ బిడ్డా?"

"నాగార్జునకొండకు, తాతా. ఆడ మ్యూజియంల గ్రీకు దేవుడున్నడంట."

"మనకున్నోళ్లు సాల్తలేరా?"

నవ్వేశాను గానీ, ఈ మాట అడగాల్సింది రోమన్లను. వాళ్లకు సొంత దేవుళ్లు కొదవలేదు. గింజకొకరు, గడపకొకరు, పొలిమేర రాయికొకరు. అందరికీ పనులున్నాయి, కథలే తక్కువ. కథలు గ్రీకుల దగ్గర కుప్పలుగా ఉండేవి. దక్షిణ ఇటలీలో స్థిరపడ్డ గ్రీకుల ద్వారా అవి రోముకు చేరి, జూపిటర్‌కు జ్యూస్ కథ, వీనస్‌కు ఆఫ్రొడైటీ కథ అతుక్కున్నాయి. మన ఎల్లమ్మకు రేణుక కథ వచ్చి కలిసినట్టే. అపోలో మాత్రం పేరుతో సహా వచ్చాడు.

కథ కలిసినంత మాత్రాన గుణం కలవలేదు. ఇలియడ్‌లో యుద్ధదేవుడు ఏరిస్ దెబ్బ తగిలి కేకలు పెడుతూ తండ్రి దగ్గరికి పోతే, దేవుళ్లందరిలో నువ్వంటేనే నాకు గిట్టదంటాడు జ్యూస్. ఏరిస్‌కు జోడీ అయిన మార్స్‌ను రోమన్లు తమ మూలపురుషుడు రోములస్‌కు తండ్రిని చేసుకున్నారు. పంటకు తెగులు రాకుండా చూడమని రైతులు మొక్కిందీ అతనికే. ఇక పొలిమేర రాయి టెర్మినస్‌కు గ్రీసులో సరైన జోడీయే లేడు. జూపిటర్ గుడి కట్టేటప్పుడు మిగతా దేవుళ్లు చోటు ఖాళీ చేసినా అతను కదలలేదట. ఆ రాయిని గుడిలోనే ఉంచి, పైకప్పుకు కంత పెట్టారని చెప్పుకున్నారు. నాకు ఈ మొండి రాయే ఎక్కువ నచ్చుతుంది.

ఈ దేవుళ్లలో కొందరు నాణేలెక్కి నల్లగొండ జిల్లాకూ వచ్చారు. అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివే. టైబీరియస్ నాణెం వెనక ఒక స్త్రీ కుర్చీలో కూర్చుని ఉంటుంది, చేతిలో కొమ్మ. రాజమాత లివియాను శాంతిదేవత పాక్స్ రూపంలో చూపారని చాలామంది అంటారు. గ్రీకు శాంతిదేవత ఐరీనీని ఏథెన్స్‌లో సంపదల పసివాణ్ణి ఎత్తుకున్న తల్లిగా మలిచారు. రోము ఆమెను చక్రవర్తి ఇంట్లో కూర్చోబెట్టింది.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాను. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి ఈ నీళ్ల కిందే ఉంది. డ్యాం కడుతున్నందుకు 1954 నుంచి లోయంతా తవ్వి, శిల్పాలను కొండ మీదికి చేర్చారు. తవ్వకాల్లో టైబీరియస్ బంగారు నాణెం కూడా బయటపడింది.

మ్యూజియంలో నేను వెతికిన దేవుడు రాజప్రాసాదం చోట దొరికిన స్తంభం మీద ఉన్నాడు. నిండు విగ్రహమేమీ కాదు, రాతిలో చెక్కిన చిన్న బొమ్మ. ఒంటి పైభాగాన బట్ట లేదు. పలచని గడ్డం. చేతిలో తాగే కొమ్ము. పక్కన మద్యం పాత్ర. గ్రీకుల డయోనిసస్, రోమన్ల బాకస్ ఇతనేనని పండితుల మాట.

మరి ఇద్దరిలో ఎవరు? గడ్డం చూస్తే పాత గ్రీకు కుండల మీది డయోనిసస్ గుర్తొస్తాడు. తర్వాతి కాలంలో, రోములో కూడా, అతన్ని ఎక్కువగా గడ్డం లేని కుర్రాడిలాగే మలిచారు. కానీ అప్పటి ఓడల బేరం రోముతో. ఆ రోమే తన పాత దేవుడు లైబర్‌ను ఇతనితో కలుపుకుంది, మార్చి 17న పండుగ చేసింది. అయినా బాకస్ భక్తుల రాత్రి జాతరలు శ్రుతి మించాయని క్రీ.పూ. 186లో సెనేట్ వాటిని అణచివేసింది. గ్రీసులో ఊరేగిన దేవుడికి రోములో అనుమతి పత్రం కావాల్సొచ్చింది!

నా మట్టుకు నేను ఇతన్ని గ్రీకు ముఖమున్న రోమన్ సరుకు అంటాను. ఇక్కడ ఎవరూ మొక్కిన జాడ లేదు. రాజుగారి ప్రాసాదానికి అలంకారమయ్యాడు, అంతే.

చూడాలనుకునేవాళ్లు శుక్రవారం పోకండి, ఆ రోజు మ్యూజియానికి సెలవు. లాంచీ జనం నిండితేనే కదులుతుంది కాబట్టి పొద్దున్నే రేవుకు చేరుకోండి.