గంటకు తోడుగా ఒక దీపం

గాజువాకలో మేము దర్శించే ఒక సహోదరుడు ఇంటి వెనుక షెడ్డులో వడ్రంగం చేస్తారు. రంపపు మిషను తిరుగుతుంటే వాకిటి గంట వినబడదు. మంచం పట్టిన తల్లి పిలుపు అసలే అందదు. పిలవవచ్చినవారు వెనుకనుండి భుజం తడితే, ఉలికిపాటులో వేళ్లకే అపాయం.

అందుచేత ఎలక్ట్రీషియనును పిలిపించాము. ఆయన మెయిన్ ఆపి, 230 వోల్టుల గంట రెండు కొనల నుండి షెడ్డుకు తీగలు లాగి, పని చేసేవారి చూపు పడే గోడకు ఎర్ర బల్బు బిగించారు. తల్లి మంచం ప్రక్కన మరో బటన్ పెట్టారు. ఏది నొక్కినా గంట మోగుతుంది, బల్బు వెలుగుతుంది. చెవులు మూసుకొని పని చేసినా పిలుపు తప్పిపోదు.

కూటి కొరకు చేసే చప్పుడులో కన్నతల్లి దాహం మునిగిపోకూడదు గదా!