ఒక గొఱ్ఱె, నూఱు గొఱ్ఱెలు

మా కోడుమూరు మెట్టభూముల నడుమ నున్న ఊరు. హంద్రీనది దాపుననే యున్నను, వానకై మొగమెత్తి చూచు సేద్యగాండ్రే యిచ్చట నెక్కువ. జొన్న, కొఱ్ఱ, వేరుసెనగ, ప్రత్తి మాకు బాగుగ దెలిసిన పైరులు. ఇట్టి సీమలో బుట్టి పెరిగినవారికి పశువు గుండ్రముగ దిరుగుట వింత గాదు. కళ్ళము నడుమ నొక కొయ్య పాతి, ఎడ్లను దానికి వరుసగ గట్టి, పఱచిన వెన్నులమీద ద్రిప్పుట మా పెద్దలు చేసిన పని. ఆ కొయ్యకు సంస్కృతమున మేధి యని ప్రత్యేకముగ నొక పేరే కలదు. గానుగయొద్ద ఎద్దు కండ్లకు గంతలతో దినమెల్ల నడచును. ఎంత నడచినను గానుగను దాటి యొక్క యడుగైనను పోదు. ఇంటిలో తిరుగలి తిరుగును, కవ్వము తిరుగును. తులసికోట చుట్టు మనమును దిరుగుదుము. ఇప్పుడు ట్రాక్టర్లును, యంత్రములును వచ్చి ఎద్దుల శ్రమను జాలవఱకు దీర్చినవి. అయినను గానుగెద్దు బ్రదుకు అను మాట మాత్రము నిలిచియున్నది. అది యెక్కువగ నాడువారి నోటనే వినబడుచుండును.

ఈ తిరుగుళ్ళన్నిటికిని నడుమ నొక కుదురు కలదు. తిరిగినందుకు ఫలమును గలదు. గింజ రాలును, నూనె దిగును, పిండి పడును. నడుమ నేదియు లేక, ఫలమేదియు లేక తిరుగు జంతువును జూచినపుడే మనసు కలతపడును.

మా వీధికొసను గొఱ్ఱెలు కాచుకొని బ్రదుకు కుటుంబ మొకటి కలదు. గడచిన వేసవిలో వారి మందలోని గొఱ్ఱె యొకటి తక్కిన వానిని విడిచి నిలిచి, తల యొకప్రక్కకు వాల్చి, ఎప్పుడును ఎడమకే తిరుగుచుండెను. ఆ యింటి యిల్లాలు నాతో, "అమ్మా, నెల దినాలాయ. మేత సరిగా మేయదు. మందంతా ముందుకు పోతే ఇది ఉండిన తావునే తిరుగుతాంది" అని చెప్పుకొనెను. గాలి సోకెనని యొకరును, దిష్టి తగిలెనని యొకరును జెప్పిరట. తుదకు పశువైద్యుడు వచ్చి చూచి, దాని మెదడులో నీటితిత్తి పెరుగుచున్నదని తెలిపెను.

ఈ వ్యాధిని ఆంగ్లమున గిడ్ అందురు. దాని కథ మన మెల్లరము తెలిసికొనదగినది. కుక్క ప్రేగులలో నొకజాతి బద్దెపురుగు నివసించును. దాని గ్రుడ్లు కుక్క మలముతో గడ్డిపై బడును. ఆ గడ్డిని మేసిన గొఱ్ఱె కడుపులో గ్రుడ్లు పగిలి, పిల్లపురుగులు నెత్తుటివెంట బ్రయాణము చేసి, మెదడు జేరి, అచ్చట నీరు నిండిన తిత్తులై పెరుగును. తిత్తి యే ప్రక్క నుండునో తఱచుగ నా ప్రక్కకే గొఱ్ఱె తిరుగును. ఆ గొఱ్ఱె చచ్చినపుడు తలను కుక్కలకు బాఱవేసినచో, తిత్తిలోని పురుగులు మరల కుక్క ప్రేగులు జేరి పెరిగి గ్రుడ్లు పెట్టును. మన కంటికి గనబడునది గొఱ్ఱె తిరుగు చిన్నచుట్టు. కుక్కనుండి గడ్డికి, గడ్డినుండి గొఱ్ఱెకు, గొఱ్ఱెనుండి మరల కుక్కకు దిరుగు పెద్దచుట్టు మాత్రము కనబడదు. శస్త్రచికిత్సచే తిత్తిని దీయుట కలదు గాని, పేదకాపరి కది సులభము గాదు. చచ్చిన గొఱ్ఱె తలను లోతుగ బూడ్చుటయో, కాల్చుటయో చేసి, కుక్కలకు నులిపురుగుల మందు క్రమముగ బెట్టించినచో ఆ పెద్దచుట్టు తెగిపోవును.

గొఱ్ఱెను ద్రిప్పు వ్యాధి మఱియొకటి కలదు. దానికి లిస్టీరియా యను సూక్ష్మజీవి కారణము. మట్టిలోను, చెడిపోయిన పాతఱమేతలోను అది యుండును. గిడ్ వారములతరబడి మెల్లగ ముదురును. ఇది కొలది దినములలోనే గొఱ్ఱెను పడవేయును. జ్వరము, ఒక చెవి వ్రేలాడుట, నోట చొంగ కాఱుట దీని గుఱుతులు. మొదటనే వైద్యునికి జూపినచో మందులున్నవి. ఈ జీవి మనుష్యులకును సోకును. గర్భిణీస్త్రీలకు సోకినచో గర్భస్రావము కావచ్చును. కావున పాలు కాచక త్రాగరాదు. ఈచుకపోయిన గొఱ్ఱెను, దాని మాయను గర్భిణులు ముట్టరాదు. కాపరి యింట కోడలు అప్పుడు ఆఱవనెల గర్భిణి. ఆ గొఱ్ఱెకు వచ్చినది మొదటి వ్యాధియే యైనను, రెండవదానిని గూర్చియు నేనామెకు జెప్పి వచ్చితిని.

జంతువులు తిరుగుటను గూర్చి లోకమున వింతలు పెక్కులు గలవు. 2022 నవంబరులో చైనాదేశపు ఇన్నర్ మంగోలియాలో నొక దొడ్డిలోని గొఱ్ఱెలు పండ్రెండు దినములు గుండ్రముగ దిరుగుచుండెనని వార్తయు, చలనచిత్రమును లోకమంతట వ్యాపించెను. లిస్టీరియా యని కొందఱనిరి. ఆ రోగము తగిలిన గొఱ్ఱె యన్నిదినములు నడువజాలదు గనుక, ఇఱుకుదొడ్డిలో మూసియుంచుటచే గలిగిన యలవాటనియు, ఒకటి తిరుగగా దక్కినవి వెంబడించెననియు మఱికొందఱనిరి. గొఱ్ఱెదాటు అను మన మాటకు అది నిదర్శనమువలె నుండెను.

గ్రుడ్డివైన దండుచీమలు వాసనబట్టి ముందుచీమవెంట నడచును. మొదటిచీమ దారితప్పి తన వరుస తోకనే కలిసికొన్నచో, అన్నియు నలసి చచ్చువఱకు తిరుగును. విలియమ్ బీబీ యను నమెరికా పండితుడు గయానా యడవిలో సుమారు 1200 అడుగుల చుట్టుకొలతగల యట్టి చుట్టును జూచి 1921లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. ఫ్రాన్సుదేశపు ఫాబరు పండితుని గొంగళిపురుగులు పూలతొట్టి యంచుమీద నొకదానివెంట నొకటి యేడుదినములు తిరిగెను. ఇందుకు భిన్నముగ, ఉత్తరధ్రువపు చలిదేశములలో రెయిన్‌డీర్ అను జింకలు భయము గలిగినపుడు పిల్లలను నడుమ నుంచి, తాము చుట్టును పరుగెత్తును. అది ప్రాణమును గాపాడు చుట్టు. తిరుగుట యన్నిట నొక్కటే. నడుమ నేమున్నదన్నదే భేదము.

ఈ సంగతులు ఆంగ్లమున జదివి నాకు జెప్పుచున్న మా మనుమరాలు నడుమ నాగి, "అవ్వా, చీమలకు ఎస్ ఉంది, ఎడ్లకు ఎన్ ఉంది, గొఱ్ఱెలకు ఏమీ లేదే! ఒకటైనా షీప్, నూరైనా షీపేనా?" అని యడిగెను. ఆ బిడ్డ ప్రశ్న సమంజసమైనది. ప్రాచీనాంగ్లమున నపుంసకలింగ శబ్దములు కొన్ని బహువచనమున బ్రత్యయము లేక యుండెడివి. షీప్, డీర్ అను మాటలు ఆ కాలపు శేషములు. డీర్ అనగా మొదట జంతువని సామాన్యార్థము. తరువాత జింకకు మాత్రమే పరిమితమైనది. మన మృగశబ్దమును జూడుడు. జంతుసామాన్యమునకును జెల్లును, మృగనయన యన్నపుడు జింకకును జెల్లును. రెండుభాషలు నొకే పోకడ బోయినవి.

ఆక్స్ బహువచనము ఆక్సెన్. పూర్వ మట్టి శబ్దము లనేకము లుండెను. ఇప్పు డది యొంటరి. గూస్ అనగా బాతుజాతి పక్షి; అవి పెక్కైన గీస్. మంగూస్ అనగా ముంగిస. అవి పెక్కైన మంగీస్ కావు, మంగూసులే. ఏలయన నా మాట ఆంగ్లేయుల సొమ్ము గాదు. మరాఠీ మంగూసునుండి వారికి జేరినది; మన ముంగిస దానికి జుట్టము. ఇక క్యాటిల్ అను మాటకు ఏకవచనమే లేదు. అది ధనము, ఆస్తి యను నర్థముగల లాటిను మాటనుండి పుట్టినది. మన యుత్తరాంధ్రమున బశువులను సొమ్ములనుట విన్నవారికి ఇది వింతగ దోచదు. పశువే ధనమైన కాలము రెండుజాతులకును గలదు.

ఆంగ్లమును వెక్కిరించుటకు ముందు మన వంటయిల్లు జూచుకొనవలయును. రోలు రోళ్ళగును, పండు పండ్లగును, ఎద్దు ఎడ్లగును, కూతురు కూతుళ్ళగును. కొడుకు మాత్రము కొడుకులే. పాలకు ఏకవచనము లేదు. బియ్యమునకు బహువచనపు గుఱుతు లేదు. అయినను బియ్యము నిండుకొన్నవి, బియ్యము ఉడికినవి యందుము. ఇది మన షీపు! 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌనుదొర యిట్టి చిక్కులన్నియు విప్పుకొని 1840లో వ్యాకరణమును, 1852లో నిఘంటువును బ్రకటించెననిన నా యోపికను మెచ్చుకొనవలయును.

మనుమరాలికి జెప్పుచుండగా మన వ్యాకరణములోని మఱియొక విశేషము నా మనసున మెదలెను. వాడు వచ్చినాడు, ఆవు వచ్చినది, ఆమె వచ్చినది. స్త్రీ యొక్కతె యైనపుడు క్రియ ఆవుతోడిదే! ఆవులు పెక్కైన వచ్చినవి. స్త్రీలు పెక్కైన వచ్చినారు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరిగారు దీనినే సూత్రీకరించిరి. స్త్రీవాచకము ఏకవచనమున అమహత్తుతో సమానము, బహువచనమున మహత్తుతో సమానము. ఒంటరి స్త్రీ పశుపక్ష్యాదులతో లెక్క. నలుగురు గూడిన మనుష్యులలో లెక్క. మనుమరాలు ఇది విని, "ఇదేమి న్యాయము?" అని మండిపడెను. న్యాయమని నేనును జెప్పను. ఏకవచనమున గౌరవింపదలచినపుడు అత్తగారు వచ్చినారని బహువచనమునే యెరువు దెచ్చుకొనుచున్నాము. అయినను ఆ సూత్రములో, వ్రాసినవారు తలపని యుపదేశ మొకటి నాకు దోచినది.

కాపరి యింటి గొఱ్ఱె దక్కలేదు. ఆ యిల్లాలు దాని తలను బూడ్చెదననెను. కాని వీధిలో కుక్కలు ఒక యింటివి గావు. గొఱ్ఱెలు గలవారును ఒక యింటివారు గారు. ఒక్కతె పూడ్చి నలుగురు పాఱవేసిన ఫలమేమి? అందుచే ఆమెయు, నేనును, మఱి నాలుగిండ్ల యాడువారును గలిసి ప్రతియింటికిని బోయి చెప్పితిమి. చచ్చిన గొఱ్ఱె తల కుక్కకు వేయరాదని వీధియంతయు నొప్పుకొనెను. వీధికుక్కలకు మందు బెట్టింపుడని పశువైద్యుని యడుగుటకు ఆఱుగురము గూడి వెళ్ళితిమి. ఒక్కతెనే పోయినచో వాకిట నిలువవలసివచ్చెడిదేమో. మేము వెళ్ళినపుడు లోపలినుండి బంట్రోతు చెప్పిన మాట నాకు స్పష్టముగ వినబడెను: "అయ్యా, ఆడవాళ్ళు వచ్చినారు."